కుండీ మార్చాక ఆర్కిడ్‌కు కొత్త వేళ్లు రావాలంటే

(హనుమకొండలో మిద్దెతోట మిత్రులు కలిసినప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తుందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువుంది, వినపడకపోతే చెయ్యి ఎత్తండి, గట్టిగా మాట్లాడతా.

కుండీ ఎట్లా మార్చాలి అనేది ఇవ్వాళ నేను పెద్దగా చెప్పను. అది గంట పని, వీడియోలు బోలెడున్నాయి, మీలో చాలామంది చేసే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది కుండీ మార్చిన మర్నాటి నుంచి మొదలయ్యే రెండు మూడు నెలల సంగతి. ఎందుకంటే ఆర్కిడ్‌లు ఎక్కువగా పోయేది అప్పుడే. కడియం నుంచి పూలతో కళకళలాడుతూ వచ్చిన మొక్క, మనసుపడి కొనుక్కున్న మొక్క, కుండీ మార్చిన రెండో నెలకు ఆకులు ముడతలు పడుతుంది, మూడో నెలకు మొదలు మెత్తబడిపోతుంది. అప్పుడు ఏమంటాం? ఆర్కిడ్ మన వరంగల్ ఎండలకు బతకదు అంటాం. బతుకుతుంది. ఎండ వల్ల పోయేవి తక్కువ, కుండీలో వేళ్లకు గాలి ఆడక పోయేవే ఎక్కువ. ఈ ఒక్క మాట చెప్పడానికే వచ్చాను, మిగతాదంతా దాని వివరమే.

ముందు వేరును చూద్దాం. ఇది ఫాలినాప్సిస్. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఇదే, సీతాకోకచిలుకల్లాంటి పూలు వరసగా పూసేది. కుండీ పారదర్శకంగా ఉంది కాబట్టి లోపలి వేళ్లు కూడా కనిపిస్తున్నాయి. ఏ రంగులో ఉన్నాయి? అవునమ్మా, వెండి రంగు, తెల్లగా, పొడిగా. ఇప్పుడు ఈ డ్రాపర్‌తో పైన ఉన్న ఈ ఒక్క వేరు మీద రెండు చుక్కలు వేస్తున్నా. చూస్తూ ఉండండి. చుక్క జారిపోలేదు, ఇంకిపోయింది. ఇంకిన చోట ఎంత మేర తడిసిందో అంత మేర ఆకుపచ్చ అయింది, పక్కన అర అంగుళం దూరంలో ఇంకా తెల్లగానే ఉంది. ముందు వరస నుంచి పంపిస్తున్నా, అందరూ చూడండి, వేళ్ల కొసలను మాత్రం ముట్టుకోకండి.

ఆ తెల్లగా కనిపించే పైపొర పేరు వెలామెన్. అందులో ఉండేవి చచ్చిపోయిన కణాలు, లోపల ఖాళీ. వాన చుక్క పడగానే పీల్చుకుని లోపలి వేరుకు అందించడానికి, ఎండినప్పుడు లోపలి తడి బయటికి పోకుండా కాపాడటానికి ఆ పొర ఉంటుంది. దాని కింద పచ్చగా కనిపించేది పత్రహరితం. అంటే ఈ మొక్క వేరు కూడా వెలుతురు తీసుకుని కొంత ఆహారం తయారు చేస్తుంది. మందారం వేరు, గులాబీ వేరు ఈ పని చేస్తాయా? చేయవు. మట్టిలో ఉండే వేరు వేరు, ఇది వేరు. ఇక కొసను చూడండి, నిగనిగలాడుతూ పచ్చగా, కొన్నిటికి ముదురు ఎరుపు రంగులో, తెల్లపొర ఇంకా పట్టని ముక్క ఒకటి ఉంటుంది, మహా అయితే సెంటీమీటరు. వేరు పొడుగు పెరిగేది అక్కడ మాత్రమే. ఆ కొస విరిగినా, నలిగినా, ఉప్పు తగిలి మాడినా ఆ వేరు ఇక ముందుకు సాగదు. ఒక్కోసారి పక్క నుంచి కొమ్మ వేస్తుంది, వేయకపోనూవచ్చు. కాబట్టి కుండీ మార్చిన తర్వాత మనం కాపాడాల్సింది ఆ సెంటీమీటరు ముక్కనే.

ఈ వేరు ఇట్లా ఎందుకు తయారైంది? ఆర్కిడ్‌లలో 28 వేల దాకా జాతులు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం చెట్ల మీద పెరిగేవే. ఎక్కడో థాయిలాండ్ దాకా పోనక్కర్లేదు, మన తెలంగాణ అడవుల్లోనే వాండా ఉంది, వాండా టెసెల్లాటా. మామిడి చెట్ల మీద, ఇప్ప చెట్ల మీద కనిపిస్తుంది, ఎండాకాలంలో పూస్తుంది, గళ్లు గళ్లుగా గోధుమ రంగు రేకులు, మంచి వాసన. చెట్టు మీద ఉంటుంది కాబట్టి దాన్ని కూడా బదనిక లెక్కనే చూస్తారు చాలామంది. కానీ అది చెట్టు రసం తాగదు. బెరడును పట్టుకుని ఉంటుంది, అంతే. దానికి వాన ఎట్లా అందుతుందో ఊహించండి. దంచి కొడుతుంది, వేళ్లన్నీ తడిసి పచ్చగా అవుతాయి, వాన వెలవగానే గాలి వీస్తుంది, కొన్ని గంటల్లో మళ్లీ తెల్లబడతాయి. తడవాలి, ఆరాలి. మళ్లీ తడవాలి, మళ్లీ ఆరాలి. మన ఇంట్లో కుండీలో తడవడం వరకు జరుగుతుంది, ఆరడం జరగదు. ఒక మాట ఇక్కడే చెప్తా, మళ్లీ మర్చిపోతానేమో. ఏటూరునాగారం వైపో పాకాల వైపో పోయినప్పుడు చెట్టు మీద ఆర్కిడ్ కనబడితే ఫోటో తీసుకుని రండి, దయచేసి పీక్కుని రాకండి. అవి అభయారణ్యాలు, అక్కడ మొక్క పీకడం నేరం. పైగా పెరిగిన చెట్టు నుంచి ఊడదీస్తే వేళ్లన్నీ తెగుతాయి, ఇంటికి తెచ్చినా బతకడం కష్టం.

గాలి అందకపోతే ఏమవుతుందనేది ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వానాకాలంలో నల్లరేగడిలో పత్తి వేసిన రైతును అడగండి. నాలుగు రోజులు ముసురు పట్టి చేలో నీళ్లు నిలిస్తే పత్తి మొక్క ఏం చేస్తుంది? వాలిపోతుంది. చుట్టూ నీళ్లే, అయినా నీళ్లు లేని మొక్క లాగానే తలకాయ వేలాడేస్తుంది. ఎందుకంటే వేరు పని చేయాలంటే దానికి ఆక్సిజన్ కావాలి, అది లేకపోతే పక్కనే నీళ్లున్నా తాగలేదు. ఆర్కిడ్ ఆకు ముడత పడటం కూడా సరిగ్గా ఇదే. ముడత చూసి అయ్యో దాహం వేస్తుందేమో అని ఇంకో గ్లాసు పోస్తాం. అప్పటికే సగం కుళ్లిన వేళ్లు ఆ గ్లాసుతో పూర్తిగా పోతాయి.

ఈ సంగతి తెలియక ఇంగ్లండులో 19వ శతాబ్దం మొదట్లో లెక్కలేనన్ని ఆర్కిడ్‌లు చచ్చిపోయాయి. వేడి దేశాల మొక్కలు కదా అని తలుపులన్నీ మూసేసి, గాజు ఇళ్లలో ఆవిరి పట్టి పెట్టేవాళ్లు. 1830ల్లో చాట్స్‌వర్త్ అనే చోట జోసెఫ్ పాక్స్‌టన్ అనే తోటమాలి గాలి ఆడేలా కిటికీలు తెరిచి, వేడి తగ్గించి, ఏ చోటి మొక్కకు ఆ చోటి వాతావరణం ఇచ్చి పెంచి చూపించాడు. ఆయన దొర 1835లో ఒక మనిషిని మన దేశానికే పంపించాడు, ఖాసీ కొండల నుంచి ఆర్కిడ్‌లు తెప్పించడానికి. అంత డబ్బున్నవాళ్లకు కూడా మొక్కలు నిలిచింది గాలి సంగతి తెలిసిన తర్వాతనే.

సరే, ఇప్పుడు మన ఇంటికి వద్దాం. కుండీ మార్చే రోజున జరిగే మూడు పనుల గురించి మాత్రం చెప్పి ముందుకు పోతా, ఎందుకంటే తర్వాత వేళ్లు వస్తాయా రావా అనేది వాటి మీదనే ఉంటుంది.

మొదటిది కుండీ సైజు. మొక్క పెరుగుతుంది కదా అని పెద్ద కుండీ వేయొద్దు. ఉన్న వేళ్లు పట్టేంత, చుట్టూ ఒక వేలు సందు ఉండేంత, అంతే చాలు. పెద్ద కుండీ నడిమధ్యలో తడి వారం, పది రోజులైనా ఆరదు. పక్కల కూడా రంధ్రాలు ఉంటే ఇంకా మంచిది, లేకపోతే ఒక ఇనుప చువ్వ కాల్చి ప్లాస్టిక్ కుండీకి మీరే పెట్టుకోవచ్చు. ఆ పొగ పీల్చకుండా ఆరుబయట చేయండి.

రెండోది లోపల వేసే సరుకు. మట్టి వద్దు, ఎర్రమట్టి వద్దు, చెరువు మట్టి అసలే వద్దు, వర్మి కంపోస్టు వద్దు, కోకోపీట్ కూడా వద్దు. కోకోపీట్ అడుగుకు దిగి గట్టిపడుతుంది, తడి పట్టి ఉంచుతుంది. పైన్ బెరడు ముక్కలు, బొగ్గు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు, ఇటుక పెంకులు, ఇవి కావాలి. బెరడును ముందు రోజు రాత్రి నానబెట్టండి, ఎందుకంటే పొడి బెరడు మీద నీళ్లు నిలవవు, జారిపోతాయి, అప్పుడు మీరు పోసినట్టే ఉంటుంది, వేరుకు అందనట్టే ఉంటుంది. కొబ్బరి డొక్కలో ఉప్పు ఉంటుంది, నీళ్లు మారుస్తూ మూడు నాలుగు రోజులు నానబెట్టి కడగాలి. బొగ్గు వంటకు వాడి మిగిలిన బూడిద కలిసింది కాకుండా కొత్తది, గట్టిది తీసుకోండి. కొని తెచ్చిన మొక్క వేళ్ల మధ్యలో చిన్న జాలీ కప్పో, స్పాంజి ముక్కో, నాచు ముద్దో ఉంటుంది, పైకి కనిపించదు. అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది, కుళ్లు మొదలయ్యేది అక్కడే. ఓపికగా కత్తిరించి తీసేయండి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది పట్టించుకోనిది. మొక్క కదలకూడదు. ఇప్పుడు మీ ఇంటికి పోయి కుండీ మార్చిన ఆర్కిడ్‌ను ఆకు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ అనండి. ఊగుతుందా? ఊగితే దానికి కొత్త వేళ్లు నిలవవు. ఎందుకు? కొత్త వేరు కొస ఎంత మెత్తగా ఉంటుందో ఇందాక చూశారు. అది బెరడు ముక్కను తాకి పట్టుకోబోతుంది. అంతలో ఫ్యాను గాలికో, పనమ్మాయి కుండీ జరిపినప్పుడో, మీరు నీళ్లు పోసినప్పుడో మొక్క ఊగుతుంది, కొస బెరడు అంచుకు రాసుకుని నలుగుతుంది. అక్కడితో ఆ వేరు ఆగిపోతుంది. ఇంకో వేరు మొదలవుతుంది, దానికీ అదే గతి. మనకేమో వేళ్లు రావడం లేదు అనిపిస్తుంది, నిజానికి వస్తున్నాయి, నిలవడం లేదు. కాబట్టి సన్న వెదురు పుల్ల ఒకటి కుండీ అడుగు దాకా గుచ్చి, మొక్క మొదలును మెత్తటి గుడ్డ పేలికతోనో, ఊలు దారంతోనో రెండు చోట్ల కట్టండి. కుండీని ఎత్తి తిప్పినా మొక్క కదలకూడదు, అంత బిగువుగా ఉండాలి. కొత్త వేళ్లు కుండీ గోడను పట్టుకున్న తర్వాత, రెండు మూడు నెలలకు, విప్పేయొచ్చు.

ఇప్పుడు మొదటి వారం. పాడైన వేళ్లను కత్తిరించి ఉంటారు కదా, అంటే లోపల గాయాలు ఉన్నాయి. గాయం ఆరకముందే నీళ్లు పోస్తే కుళ్లు పట్టుకుంటుంది. ఎక్కువ వేళ్లు కత్తిరించి ఉంటే రెండు మూడు రోజులు నీళ్లు ఆపండి. నానబెట్టిన బెరడులో ఉన్న తడి చాలు. దాల్చినచెక్క పొడి అద్దడం చాలామందికి అలవాటు, కోసిన చోట మాత్రమే చిటికెడు అద్దండి, మంచి వేరు మీద పడనివ్వకండి. అది తడిని లాగేసే గుణం ఉన్నది, మంచి వేరును కూడా ఎండబెడుతుంది. ఈ వారంలో ఆకులు కొంచెం వాలుతాయి, కొంచెం ముడత పడతాయి. టెన్షన్ పడకండి. నీళ్లు తాగే నోళ్లు సగం తగ్గాయి, మామూలే. కింది ఆకు ఒకటి పసుపు పచ్చబడి రాలినా రాలవచ్చు.

తర్వాత నీళ్లు ఎప్పుడెప్పుడు? వారానికి ఎన్నిసార్లు అని అడుగుతారు అందరూ. దానికి నేను లెక్క చెప్పను, ఎందుకంటే మే నెలలో వారం వేరు, ఆగస్టు ముసురులో వారం వేరు. కుండీలోపలి వేళ్లను చూడండి. పచ్చగా ఉన్నాయా, ఆగండి. వెండి రంగు వచ్చిందా, కుండీ చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉందా, పోయండి. పోసేటప్పుడు స్పూన్లతో పోయకండి, సింకులోకి తీసుకుపోయి ధారాళంగా పోయండి, అడుగు నుంచి అంతా కారిపోవాలి, కారేదాకా ఆగి అప్పుడు తిరిగి చోటులో పెట్టండి. అందం కోసం పింగాణీ కుండీలో పెడతారు కదా, ఆ అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయేమో ప్రతిసారీ వంచి చూడండి. పొద్దున పూటే పోయండి. నడిమధ్య ఆకుల సందులో నీళ్లు నిలిస్తే టిష్యూ కాగితం మూల ముంచి లాగేయండి, ఫాలినాప్సిస్‌కు పెరిగే మొగ్గ ఒక్కటే, అది కుళ్లితే మొక్క పోయినట్టే.

ఏ నీళ్లు అనేది మన దగ్గర పెద్ద సంగతి. మన బోరు నీళ్లు చాలా చోట్ల గట్టి నీళ్లు. బకెట్ల అంచుకు తెల్లటి చార, గీజర్‌లో పేరుకునే సున్నం, అందరికీ తెలిసిందే. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. మనిషికి అది నడుస్తుంది. ఆర్కిడ్ వేరు కొసకు 200 లోపు ఉంటేనే హాయి. ఎక్కువైతే ఏమవుతుంది? నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు బెరడు మీద మిగిలిపోతుంది, వారం వారం పేరుకుంటుంది, ఒకరోజు చూస్తే కొత్త వేళ్ల కొసలన్నీ నల్లగా మాడి ఉంటాయి. చేతిలో పట్టుకుని నీళ్లు కొలిచే టీడీఎస్ మీటరు చవకలోనే దొరుకుతుంది, ఒకటి కొని పదిమంది వాడుకోవచ్చు. వాన నీళ్లు అన్నిటికన్నా మంచివి, మిద్దె మీద మొదటి వాన పోనిచ్చి రెండో వాన నుంచి డ్రమ్ములో పట్టి మూత పెట్టుకోండి. ఆర్‌ఓ నీళ్లు మంచివి. నల్లా నీళ్లు చాలావరకు బోరు కన్నా నయం, కొలిచి చూసుకోండి. ఒక్కటి మాత్రం వద్దు, అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌నర్ పెట్టి ఉప్పు బస్తాలు పోస్తారు చూడండి, ఆ నీళ్లు. సున్నం పోయినట్టు కనిపిస్తుంది, దాని బదులు సోడియం వచ్చి చేరుతుంది, వేరుకు అది ఇంకా చెడ్డది.

వేళ్లు వేళ్లు అని మాట్లాడుతున్నాం కానీ వేరును కట్టేది ఎవరు? ఆకు. ఆకులో తయారైన చక్కెర కిందికి దిగితేనే కొత్త వేరు పుడుతుంది. ఇంట్లో పెట్టిన ఆర్కిడ్‌లకు వేళ్లు రాకపోవడానికి సగం కారణం చీకటి. మన కంటికి హాలు వెలుతురుగానే ఉంటుంది, ఫోన్‌లో లక్స్, అంటే వెలుతురు కొలత, చూపించే యాప్ వేసుకుని చూడండి, ట్యూబ్‌లైటు కింద రెండు మూడు వందలు చూపిస్తుంది. ఫాలినాప్సిస్‌కు కావాల్సింది పది వేల నుంచి పదిహేను వేలు. టీవీ పక్కన, పూజ గదిలో, సోఫా మూలన అది ఎక్కడిది? తూర్పు కిటికీ దగ్గర పెట్టండి, పొద్దుటి ఎండ తెల్లని పరదా గుండా పడితే చాలు. పడమటి కిటికీ మన దగ్గర వద్దు, మార్చి దాటిందంటే ఆకు మాడుతుంది. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే మసక నీడ పడాలి, నీడే పడకపోతే వెలుతురు చాలదు, నల్లగా గీసినట్టు పడితే ఎక్కువైంది. కిటికీ లేని ఇల్లయితే తెల్ల ఎల్‌ఈడీ లైటు జానెడు ఎత్తులో పెట్టి రోజుకు 12 గంటలు వేయండి. రాత్రి మాత్రం ఆర్పేయాలి. ఫాలినాప్సిస్ ఆకు రంధ్రాలు తెరుచుకుని గాలి తీసుకునేది రాత్రి పూటే, పగలు మూసుకుని ఉంటుంది. కాబట్టి దానికి రాత్రి చీకటి, చల్లదనం, గాలిలో కొంత తేమ, ఈ మూడూ కావాలి.

దీంతోనే ముడిపడి ఉంది ఎప్పుడు మార్చాలి అనేది. బయటి దేశాల పుస్తకాల్లో వసంతకాలంలో మార్చమని ఉంటుంది, వాళ్ల వసంతం తర్వాత వచ్చేది మెత్తని ఎండాకాలం. మన వసంతం తర్వాత వచ్చేది ఏంది? రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు. పగలు 43, 44 డిగ్రీలు, రాత్రి కూడా 30 దగ్గర, గాలిలో తేమ ఉండదు. సగం వేళ్లు పోగొట్టుకున్న మొక్కను అప్పుడు కొత్త కుండీలో పెడితే ఏం తట్టుకుంటుంది? నా మాట వింటే ఏప్రిల్, మే నెలల్లో కుళ్లిన మొక్క తప్ప దేన్నీ ముట్టుకోకండి. మృగశిర దాటి వాన పడి, గాలి చల్లబడిన తర్వాత, ఆరుద్ర నుంచి మొదలుపెట్టి దసరా దాకా మన కాలం. వేడి ఉంటుంది, తేమ ఉంటుంది, వేళ్లు వారం వారం కంటికి కనిపించేంత సాగుతాయి. ముసురు రోజుల్లో నీళ్లు బాగా తగ్గించి, ఫ్యాను సన్నగా తిప్పండి, నేరుగా మొక్క మీదికి కాకుండా గోడకు కొట్టి వచ్చేటట్టు. డిసెంబరు, జనవరిలో మార్చినా చలికి వేరు పెరగడం దాదాపు ఆగిపోతుంది, ఊరికే తడిలో కూర్చుంటుంది.

డెండ్రోబియం అనే ఇంకో రకం ఆర్కిడ్ ఉన్నవాళ్లకు ఒక చిన్న తేడా. దానికి కొత్త వేళ్లు పాత కాడల నుంచి పెద్దగా రావు, కొత్తగా పుట్టిన పిలక మొదట్లో నుంచి వస్తాయి. పిలక రెండు మూడు అంగుళాలై, దాని కింద చిన్న చిన్న మొటిమల్లాగా వేళ్లు పొడుచుకొస్తున్నప్పుడు మార్చండి. అప్పుడైతే ఆ వేళ్లు నేరుగా కొత్త బెరడులోకే దిగుతాయి. నెల ఆలస్యం చేస్తే అవే వేళ్లు మీ చేతిలో విరుగుతాయి.

ఎరువు గురించి పెద్దగా చెప్పేది లేదు. కొత్త కొస కనబడేదాకా ఏమీ వేయొద్దు, తాగే నోరు లేకుండా పెడితే ఉప్పు మిగులుతుంది, అంతే. కనబడిన తర్వాత 19-19-19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు, వాడుకోవచ్చు, ఎరువుల షాపులో దొరుకుతుంది. మిర్చికి లీటరుకు ఐదు గ్రాముల లెక్కన కొడతారు కదా, ఆర్కిడ్‌కు అందులో పదో వంతు, అర గ్రాము. పది రోజులకోసారి, ముందు ఉత్త నీళ్లతో తడిపి తర్వాత ఇది పోయాలి. సముద్రపు నాచు ద్రావణం వేళ్లకు మంచిదంటారు, అందులో వేరు పుట్టడానికి తోడ్పడే హార్మోన్ కొంత ఉన్నమాట నిజమే, పలచగా వాడితే నష్టం లేదు. గాలి, వెలుతురు సరిగా లేకపోతే అది కూడా ఏమీ చేయలేదు. బియ్యం కడిగిన నీళ్లు, అరటి తొక్కల నీళ్లు, వెల్లుల్లి నీళ్లు పోయొద్దు. మిద్దె మీద బెండకు పోయండి, సంతోషం. గదిలో బెరడు కుండీలో పోస్తే గంజి పులిసి బూజు పడుతుంది, చిన్న చిన్న నల్ల దోమలు వస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది, అదంతా కుళ్లు శుభ్రం అవుతున్నట్టు చూపిస్తారు, ఆ నురగలో మంచి కొసలు కూడా దెబ్బతింటాయి.

ఇంకో శత్రువు ఉంది, ఎవరూ అనుమానించరు. బొద్దింక. నిన్న రాత్రి వరకు నిగనిగలాడిన కొస పొద్దున చూస్తే కొరికేసినట్టు ఉంటుంది. నిజంగానే కొరికింది. వానాకాలంలో నత్త పిల్లలు కూడా ఇదే పని చేస్తాయి, కుండీ రంధ్రాల్లో దాక్కుంటాయి. కొసలు మాయమవుతుంటే రాత్రి పదింటికి టార్చి లైటు వేసి చూడండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ఏమన్నారు అక్కా, ఎండాకాలంలో ఏసీ గది మంచిదా, కూలర్ గది మంచిదా అని. మంచి ప్రశ్న. ఏసీ చల్లగా ఉంచుతుంది కానీ గాలిలో తేమను పిండేస్తుంది. కూలర్ తేమను పెంచుతుంది. మన ఉత్తర తెలంగాణ ఎండాకాలానికి, ఆర్కిడ్ వరకు చెప్పాలంటే, కూలర్ ఉన్న గదే మేలు. కానీ కూలర్ ఎదురుగా పెట్టకండి, ఆ గాలి వేగానికి మొక్క ఊగుతుంది, వేరు కొస ఆరిపోతుంది. గదిలో ఒక మూలకు, కిటికీ దగ్గర పెట్టండి. ఏసీ గదిలోనే ఉంచాలంటే నాలుగైదు మొక్కలు దగ్గర దగ్గరగా పెట్టండి. గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి పైన కుండీ పెట్టడం అందరూ చెప్తారు, దాని వల్ల వచ్చే తేమ చాలా తక్కువ, దాన్నే నమ్ముకోవద్దు.

వేళ్లు బయటికి గాల్లోకి వస్తున్నాయి, లోపలికి తొయ్యాలా అని ఆ సార్ అడుగుతున్నారు. వద్దు సార్. గాలికి అలవాటు పడ్డ వేరును బెరడులో పూడిస్తే తరచుగా కుళ్లుతుంది, వంచితే విరుగుతుంది. దానికి నచ్చిన దారిన పోనివ్వండి. నీళ్లు పోసేటప్పుడు దాన్నీ తడపండి.

వెనక నుంచి, మా మొక్కకు ఒక్క వేరు కూడా మిగల్లేదు, పారేయాలా అని. ఆకులు ఇంకా పచ్చగా, మొదలు గట్టిగా ఉంటే పారేయకండమ్మా. మూత ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, అడుగున స్ఫాగ్నం నాచు, చేత్తో గట్టిగా పిండితే చుక్క రాని తడి మాత్రమే. దాని మీద మొక్కను ఏటవాలుగా పెట్టండి, మొదలు నాచుకు దగ్గరగా ఉండాలి, తగలకూడదు. వెలుతురు ఉండి ఎండ పడని చోట, 25 నుంచి 28 డిగ్రీల వేడిలో పెట్టండి, రెండు రోజులకోసారి మూత తీసి గాలి ఆడనివ్వండి, బూజు కనబడితే ఒక రోజు మూత తీసే ఉంచండి. ఓపిక కావాలి, నెలలు పడుతుంది. అన్నీ బతకవు. మొదలు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడితే ఇక ఆగిపోవచ్చు. వేలు పొడవు వేళ్లు రెండు మూడు వచ్చాక చిన్న కుండీలోకి, టీ గ్లాసంత దాంట్లోకి మార్చండి.

చివరగా, పూలతో ఉన్న కాడను కుండీ మార్చేటప్పుడు కోసేయాలా అని అడిగారు. వేళ్లు ఐదారు గట్టివి ఉంటే ఉంచుకోండి, పూలు మాత్రం కొన్ని ముందే రాలొచ్చు. రెండు మూడే మిగిలి ఉంటే కోసేయండి, మనసు ఒప్పదు, తెలుసు. కానీ ఆ పూలను నిలబెట్టే నీళ్లు, చక్కెర అన్నీ వేళ్లకు పోవాల్సినవే. కోసిన కాడను గ్లాసు నీళ్లలో పెట్టుకోండి, కొన్నాళ్లు ఇంట్లో అట్లాగే నిలుస్తాయి. మొక్కకు కొత్త వేళ్లు వచ్చి, ఆ తర్వాత కొత్త ఆకు ఒకటి పూర్తిగా విచ్చుకునేదాకా మళ్లీ కాడ వేసినా మొగ్గలోనే తుంచేయండి.